జనవరి ఒకటిన పుట్టని మనిషి

మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న మా చెల్లెలింటికి పోదామని కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. నా ప్యాసింజర్ రాలేదు గానీ పక్క లైను మీదికి ఒక గూడ్సు వచ్చింది, మనిషి నడక కన్నా నెమ్మదిగా. నేను నోరు మూసుకుని నిలబడినా అది పోయేదే. కానీ ఈ నోరు మూసుకుని ఉన్నదెప్పుడు? "మూడు, ఒకటి, సున్నా, రెండు..." అంటూ వ్యాగను మీది నంబరు పైకి చదవడం మొదలుపెట్టాను. ఒకటి అయ్యాక ఇంకొకటి. ఐదో వ్యాగను దగ్గరికి వచ్చేసరికి పక్కన బజ్జీల పొట్లంతో నిలబడ్డ ఆడమనిషి రెండడుగులు జరిగి, "అక్కా, మంచిగనే ఉన్నవా? నీ ఎంట ఎవరన్న వచ్చిన్రా?" అని అడిగింది.

మామూలుగా అయితే ఆ మాటకు ఆమెను ఉతికి ఆరేసేదాన్ని. ఆ పూట మాత్రం నవ్వొచ్చింది. "వచ్చిండమ్మా, ఒక ముసలాయన" అన్నాను. ఆమె నా అటుపక్కా ఇటుపక్కా చూసి, ఎవరూ కనబడక, ఇంకో నాలుగడుగులు జరిగింది.

ఆ ముసలాయన కిందటి వానాకాలంలో చనిపోయాడు. మాది కాజీపేట, మా ఇంటికి ఎదురిల్లే ఆయనది. నేను చాచా అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు. నా మీద బాగా కోపం వచ్చినప్పుడు మాత్రం "మేడం" అనేవాడు. రైల్వేలో ఆయన పని వ్యాగన్ల నంబర్లు రాయడం. గూడ్సు యార్డులోంచి బయల్దేరే ముందు ఇంజిను దగ్గర్నుంచి గార్డు డబ్బా దాకా దాని పక్కనే నడుస్తూ, ఒక్కొక్క నంబరూ చూసి, పైకి చదివి, పొడుగాటి పుస్తకంలో ఎక్కించుకోవడం. ఎండైనా వానైనా అదే. రిటైరై ఎన్నో ఏళ్లయినా కంకర మీది నడక ఆయన్ని వదల్లేదు. సిమెంటు రోడ్డు మీద కూడా ఒక్కో అడుగూ ఎత్తి, చూసి, పెట్టేవాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలే. పెన్ను పెట్టుకోవచ్చు కదా చాచా అంటే, "వానకు పెన్ను ఏడుస్తది" అనేవాడు.

గ్యాసు బండ వస్తే దాని మీది అంకెలు రెండుసార్లు పైకి చదివేవాడు. ఆటో ఎక్కే ముందు ఆటో నంబరు, దిగాక మళ్లీ అదే నంబరు, మధ్యలో మారిందేమో అన్నట్టు. ఆయన బతికినన్నాళ్లూ చాచీ ఆ అలవాటు మీద కారం చల్లుతూనే ఉంది. "ఇప్పటిది కాదు బిడ్డా గీ రోగం" అని నాకు చెప్పేది. "నిఖా నాడు ఖాజీ సాబ్ నా పేరు, మా అబ్బా పేరు చదివి కబూలేనా అనడిగితే, గీయన 'మల్లొక్కసారి చదవున్రి' అన్నడు. పెండ్లికొచ్చినోళ్లంత పిలగాడు ఎనక్కి జరుగుతాండనుకున్నరు. మా అబ్బా అయితే నెత్తి పట్టుకున్నడు." చాచా ఆ మాటకు తల కూడా ఎత్తేవాడు కాదు. "మల్ల చదివిండు. సరిపోయింది. కబూల్ అన్న" అనేవాడు.

ఇంకొక మాట ఉండేది ఆయనకు: "చూడలే." చాచా, మీ కొడుకు ఇంట్లో ఉన్నాడా అని అడిగితే మనలాంటి వాళ్లం ఉన్నాడనో లేడనో అంటాం. ఆయన, "ఎనిమిదింటికి ఉండె. ఇప్పుడు చూడలే" అనేవాడు. కొడుకు లోపల గట్టిగా దగ్గుతూ ఉండేవాడు. "దగ్గు వినబడుతోంది కదా చాచా!" అంటే, "దగ్గు ఇన్న. మనిషిని చూడలే." ఇలాంటి మనిషికి ఎదురింట్లో ఉండడం నాలాంటి దానికి ఎంత చిరాకో చెప్పలేను. నేను చూడనివాటి మీదే ఎక్కువ మాట్లాడేదాన్ని.

నలభై ఏడేళ్ల వయసులో నాకు పరీక్ష వచ్చింది, జ్వరం వచ్చినట్టు. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పద్దెనిమిదేళ్లుగా రికార్డు సెక్షన్‌లో పనిచేస్తున్నాను. రోగుల పేర్లు, ఊళ్లు, తారీఖులు కంప్యూటర్లో సరిగా ఉన్నాయో లేదో చూసే పని. కొత్త మేనేజ్‌మెంట్ వచ్చి, డేటా మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష పాసైన వాళ్లకే సెక్షన్ ఇన్‌చార్జి కుర్చీ, కానివాళ్లు బిల్లింగ్ కౌంటర్‌కి అని చెప్పింది. బిల్లింగ్ కౌంటర్ అంటే రోజుకు వంద మందితో కొట్లాట. కొట్లాట నాకు ఇష్టమే గానీ నేను మొదలుపెట్టినవే ఇష్టం. పైగా ఆ ఇన్‌చార్జి కుర్చీ నాదేనని నేను లోపల ఎప్పుడో రాసేసుకున్నాను. నా శాలువా కూడా దాని వీపు మీదే వేసేదాన్ని.

వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, అరవై వస్తే పాసు. ఇంకో గొప్ప సంగతి, పుస్తకం చూసి రాయొచ్చు. ఆ మాట విన్నాక నేను గల్లీ అంతా తిరిగి నవ్వాను. "పుస్తకం ముందర పెట్టుకుని రాసుడు కూడా ఒక పరీక్షేనా?" అని. పుస్తకం వచ్చింది. బియ్యం డబ్బా మీద పెడితే ఎలుక కాదు కదా, దాని ఖాందాన్ అంతా కలిసి తోసినా కదలదు. ముఖ్యమైన పేజీలకు రంగు చీటీలు అంటించడం మొదలుపెట్టాను. పది రోజులకు చీటీ లేని పేజీయే ముఖ్యమైనదేమో అన్నట్టు తయారైంది. డేటా క్వాలిటీ అనే పాఠం మాత్రం తెరవనే లేదు. పద్దెనిమిదేళ్లు చేసిన పని గురించి ఎవడో నాకు చెప్పేదేమిటని.

పరీక్ష ఇంట్లోనే, కంప్యూటర్ ముందు. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి మనల్ని చూస్తుంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, పెదవులు కదలకూడదు. పెదవులు! మా ఆయన తలుపు వేస్తూ, "అయితే కష్టమే" అని ఒక్క మాట అని పోయాడు. మాట్లాడేది తక్కువ, తగిలేది ఎక్కువ ఆయనకు.

పన్నెండో ప్రశ్న దగ్గర నా పెదవులు కదిలాయి. రోగి పుట్టిన తేదీ తెలియనప్పుడు రికార్డులో ఏం ఉండాలి అని ప్రశ్న. నాకు తెలియకపోవడమేమిటి? తొర్రూరు వైపు నుంచి వచ్చిన అవ్వను పుట్టిన తారీఖు అడిగితే "పత్తి ఏరేటప్పుడు" అంటుంది. పత్తి ఏరే కాలానికి కంప్యూటర్లో గడి లేదు. ఆ గడి నింపకపోతే అది ముందుకు పోదు. వెనక లైన్లో వాళ్లు అరుస్తుంటారు. జనవరి ఒకటి కొట్టేస్తాం. మా రికార్డుల ప్రకారం వరంగల్ చుట్టుపక్కల ముసలివాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు. ఆ ఒక్కరోజు మంత్రసానులకు నీళ్లు తాగే తీరిక కూడా దొరికి ఉండదు. కాబట్టి "అందరికీ ఒకే తేదీ పెట్టాలి" అన్న జవాబు నొక్కాను. నొక్కుతూ, "ఇంకోటి కరెక్టంటే ఊకోను" అని కెమెరాకే చెప్పాను. తెర మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి ప్రశ్నతోనూ నోరు మూసుకునే కొట్లాడాను. పుస్తకం పక్కనే, చీటీలతో, కోడిపుంజులా ఉంది. నేను దాన్ని విప్పింది మూడేసార్లు.

యాభై మూడు వచ్చింది. పుస్తకం చూసి రాసి ఫెయిలైన మనిషి మా గల్లీలో నేనొక్కదాన్నే. సర్వర్ ప్రాబ్లం అని అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు. సర్వర్‌ను అనుమానించని వాళ్లెవరు? చాచా మాత్రం తన అరుగు మీంచి పిలిచాడు.

"ఏమైంది బిడ్డా పరీక్ష?"

"కొంచెంల పోయింది చాచా. సర్వర్..."

"కొంచెం అంటే ఎన్ని?"

"యాభై మూడు."

"ఎన్ని రావాలె?"

"అరవై."

"ఏడు" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడో, తిడుతున్నాడో తెలియలేదు. వ్యాగన్లు లెక్కపెట్టినట్టు అన్నాడు. "ఆ ఏడు యాడ పోయినయ్?"

ఏ పాఠంలో ఎన్ని పోయాయో చెప్పే కాగితం ఒకటి మెయిల్లో పంపారు. నేను తెరవలేదు. తెరిస్తే నాది తప్పని తేలుతుందని భయం. ఆ మాట ఆయనతో అనలేక నేల చూపులు చూస్తూ, "చూడలే" అన్నాను.

చాచా ముఖం వెలిగిపోయింది. అన్ని ఏళ్లలో నా నోట్లోంచి ఆయన వినదలచిన మాట అదొక్కటే అనుకుంటా. "శాబాష్" అన్నాడు. "జర గిప్పుడన్న చూడు."

అక్కడే ఫోన్‌లో తెరిచాను. ఎక్కువ పోయినవి డేటా క్వాలిటీలోనే.

మర్నాడు పొద్దున్నే నన్ను యార్డు గోడ పక్కన రోడ్డు మీదికి తీసుకుపోయాడు. నడుమెత్తు గోడ అవతల ఒక గూడ్సు ఆగి ఉంది. నాకో పెన్సిలు, ఒక కాగితం. "నడు. ఇరవై వ్యాగన్లు రాయి. నేను గూడ రాస్త." నాకు నవ్వొచ్చింది. ఎమ్మెస్సీ చదివిన దాన్ని, ఇరవై నంబర్లు రాయలేనా? రాశాను. ఆయన కన్నా ముందే చివరికి చేరి, చేతులు కట్టుకుని నిలబడ్డాను, పుంజు గెలిచినట్టు.

కాగితాలు పక్కపక్కన పెట్టాం. పద్నాలుగో వ్యాగను దగ్గర ఆయన చివరి అంకెకు ముందున్న అంకె చోట ఒక చుక్క పెట్టి వదిలేశాడు. నా దాంట్లో అక్కడ ఎనిమిది ఉంది.

"చాచా, మీది ఒకటి తక్కువుంది" అన్నాను, చాలా మర్యాదగా. అంత మర్యాద నాకు గెలిచినప్పుడే వస్తుంది.

"ఎనిమిది చూసినవా?"

"రంగు పోయింది. కానీ ముందు వెనక వ్యాగన్లకు అక్కడ ఎనిమిదే ఉంది. కాబట్టి ఎనిమిదే."

"చూసినవా, అనుకున్నవా?"

"అనుకునుడేంది చాచా! బుర్ర పెట్టి రాసిన. ఖాళీ విడిచిపెడితే రికార్డు అసంపూర్ణం అంటరు. పుస్తకంల ఉంది."

"నడువున్రి మేడం" అన్నాడు.

వెనక్కి నడిచాం. పద్నాలుగో వ్యాగను మీద, ఆ చోట, తుప్పు తప్ప ఏమీ లేదు. అవతలి పక్క కూడా నంబరు ఉంటుందట, అక్కడికి పోయి చూసేవరకు చుక్కే ఉండాలట. నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను. ఆయన గోడకు ఆనుకుని ఉల్లిగడ్డల సంగతి చెప్పాడు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక వానపూట, ఒక అంకె కనబడక, పక్కదాన్ని చూసి తనే నింపేశాడట. ఆ నంబరుతో ఇంకో వ్యాగను నిజంగానే అదే యార్డులో ఉంది. కాగితంలో అది ఇక్కడినుంచి వెళ్లిపోయినట్టు పడింది. నిజానికది కదలకుండా ఓ మూల పట్టాల మీదే ఉండిపోయింది. ఎవరూ వెతకలేదు, ఎందుకు వెతుకుతారు, కాగితంలో అది పోయింది కదా. "వాసనొచ్చినంక దొరికింది బిడ్డా. ఉల్లిగడ్డ. నిండ ఉల్లిగడ్డ. తలుపు తీస్తే నీళ్లు కారినయ్. పెద్దసారు నన్ను ఆ తలుపుకాడ నిలవెట్టి, 'నువ్వు చూసినవా?' అని ఒక్కటే అడిగిండు." నా కాగితంలోని ఎనిమిది మీద వేలు పెట్టి, "చుక్క పెడితే ఎవడో ఒకడు వచ్చి చూస్తడు. నువ్వు ఎనిమిది పెడితే ఇగ ఎవడూ రాడు" అన్నాడు.

ఆ పూట ఇంటికి పోయి, అప్పటిదాకా తెరవని డేటా క్వాలిటీ పాఠం తెరిచాను.

ఆ తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున ఆయన అరుగే నా కోచింగ్ సెంటర్. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను ప్రశ్న చదివి తెలుగులో చెప్పాలి. చెప్పడంలోనే నా బండారం బయటపడేది.

"ఒక సంస్థల డేటాకు బాధ్యత ఎవరిది అని అడుగుతాండు చాచా. అంటే మా దాంట్లో లెక్క పైనున్నోళ్లు తప్పు చేసి కిందోళ్ల మీద పెడితే..."

"గది అండ్ల ఉన్నదా, నువ్వు కలిపినవా?"

"...కలిపిన."

"కలపకుంట చదువు."

మళ్లీ చదివేదాన్ని. మళ్లీ కలిపేదాన్ని. లోపల్నుంచి చాచీ, "ఆమె చాయ్‌ల చక్కెర గూడ గంత కలుపదు" అనేది. ఒక్కొక్క ప్రశ్నకు నా అభిప్రాయాలన్నీ ఒలిచి పారేస్తే మిగిలేది ఒకటిన్నర వాక్యం. దానికి జవాబు పుస్తకంలో ఎదురుగా ఉండేది. ఇన్నాళ్లూ పరీక్ష నన్ను అడగని వాటికి జవాబులు రాసి, అడిగినవాటికి మార్కులు వేయలేదని పళ్లు కొరికానన్నమాట.

రెండోసారి పరీక్షలో పెదవులు బిగపట్టుకుని కూర్చున్నాను. లోపల మాత్రం ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివాను, రెండోసారి ఆయన గొంతుతో. డెబ్బై ఒకటి వచ్చింది. సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని పరిగెత్తితే చాచా మార్కులు చూడలేదు, అభినందించలేదు. కింద చిన్నగా ఉన్న సర్టిఫికెట్ నంబరు మీద వేలు పెట్టి, "చదువు" అన్నాడు. చదివాను. "మల్ల" అన్నాడు. మళ్లీ చదివాను. ఆయన పెన్సిలు తీసి తన పొడుగు పుస్తకంలో రాసుకున్నాడు. నాకు తెలిసి ఆ పుస్తకంలో వ్యాగను కానిదాని నంబరు అదొక్కటే. నా ఆకారం చూస్తే వ్యాగనుకూ నాకూ పెద్ద తేడా లేదని చాచీ అంది.

కుర్చీ వచ్చింది. శాలువా దాని మీదే ఉంది కాబట్టి మారవలసింది ఏమీ లేకపోయింది. నిజం చెప్పాలంటే పనిలో కూడా నేనేం మార్చలేదు. జనవరి ఒకటి తప్పని పరీక్షలో రాశాను, మార్కు తెచ్చుకున్నాను, మర్నాడు రోగుల పేర్లు ఎక్కించే కౌంటర్లో పిల్లలు జనవరి ఒకటే కొడుతుంటే చూస్తూ కూర్చున్నాను. లైన్లు పెద్దవి, సాఫ్ట్‌వేర్ ఖాళీని ఒప్పుకోదు, అందరూ అలాగే చేస్తున్నారు. ఇలాంటి సాకులు ఎవరైనా చెబితే నేను ఉతికి ఆరేసేదాన్ని. చెప్పింది నేనే కాబట్టి ఊరుకున్నాను.

ఆర్నెల్లకు చాచాకు ఊపిరి ఆడక, రైల్వే దవాఖాన వాళ్లు మా దగ్గరికి పంపారు. కౌంటర్ ముందు చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. చెవి మీద పెన్సిల్ ఉంది.

"తాతా, పుట్టిన తారీఖు?" అడిగింది కౌంటర్ పిల్ల.

"చూడలే బిడ్డా" అన్నాడు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "కాగితాలేమన్న ఉన్నయా?" చాచీ సంచిలోంచి రెండు తీసి ఇచ్చింది. ఆధార్‌లో జనవరి ఒకటి. రైల్వే సర్వీసు కాగితంలో జులై ఒకటి, సంవత్సరం కూడా వేరే. "రెండుసార్లు పుట్టినవా తాతా?" అని పిల్ల నవ్వింది. ఆయన ఊపిరి కూడగట్టుకుని, "రెండూ వాళ్లే రాసుకున్నరు. నన్ను అడగలే" అన్నాడు.

పిల్ల నా వైపు తిరిగింది. "మేడం, జనవరి ఒకటి కొట్టనా?"

చాచా కూడా నా వైపు చూశాడు. ఉల్లిగడ్డల తలుపు దగ్గర నిలబెట్టినట్టు ఉంది నాకు.

"కొట్టకు" అన్నాను. "కాగితం మీద రాసి చేర్చుకో. గడి సంగతి నేను చూస్తా."

చూడడమంటే మూడు రోజులు. సాఫ్ట్‌వేర్ వాళ్లు అది కుదరదన్నారు. మేనేజర్ అది ముఖ్యం కాదన్నాడు. దేవుడిచ్చిన నోరు మొదటిసారి పనికొచ్చింది. సర్టిఫికెట్ నంబరు కూడా చదివి వినిపించాను, రెండుసార్లు. మూడో రోజు సాయంత్రం ఆ గడిలో "తెలియదు" అనే మాట కొత్తగా వచ్చి చేరింది. దాన్ని మొదట నొక్కింది చాచా పేరుకే. అప్పటినుంచి నెలనెలా వచ్చే నివేదికలో నా సెక్షన్ పక్కన ఎర్ర గుర్తు పడుతోంది, అసంపూర్ణ రికార్డులు ఉన్నాయని. తొర్రూరు అవ్వలు ఒక్కొక్కరే జనవరి ఒకటి నుంచి బయటపడుతున్నారు, ఎర్ర గుర్తు లావవుతోంది. ఎందుకని మేనేజర్ అడిగినప్పుడల్లా చూసినవాళ్లు లేరు సార్ అంటున్నాను.

మంచం దగ్గరికి పోయి ఆ సంగతి చాచాకు చెప్పాను. నా ఘనకార్యాన్ని ఓ అరగంట వర్ణించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఎంత కలిపినవ్?" అన్నాడు.

"సగం" అన్నాను.

తొమ్మిదో రోజు పొద్దున, పదకొండు ఇరవైకి, ఆయన పోయాడు. నేను అక్కడే ఉన్నాను. కిందికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కౌంటర్ పిల్ల, "నేను చేస్తా మేడం" అంది. వద్దన్నాను. తారీఖు, టైము నేనే ఎక్కించాను. అవి నేను చూశాను.

కాగితం ప్రింటు తీసి చాచీ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు. పేరు చదివాను, తండ్రి పేరు చదివాను, పుట్టిన తారీఖు తెలియదు అని చదివాను, పోయిన తారీఖు, టైము చదివాను. అండ్ల ఉన్నదే, ఏమీ కలపలేదు.

చాచీ కాగితం మీద వేలు పెట్టింది.

"మల్లొక్కసారి చదువు బిడ్డా" అంది.